వద్దంటే సరేననే మా రాజ్యలక్ష్మక్క

గత మంగళవారం ఉదయం నందిగామ కోర్టు వరండాలో ఒక కక్షిదారుతో మాట్లాడుతుండగా జగ్గయ్యపేట నుంచి మా బావగారు ఫోన్ చేశారు. "మీ అక్క వెళ్ళిపోయిందయ్యా" అన్నారు. "ఎక్కడికండీ?" అని అడిగాను. "నువ్వు బయల్దేరి రా" అని ఆయన ఫోన్ పెట్టేశారు. గుండె ఆపరేషన్ జరిగి నెలరోజులైంది, కోలుకుంటోందని అందరం సంబరపడుతున్నాం. ఆ ధీమాలో ఉన్న నాకు, జగ్గయ్యపేట బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గానీ నేను అడిగిన ప్రశ్న ఎంత అర్థరహితమో తెలిసిరాలేదు. పక్కనున్న పెద్దాయన ఏమీ అడగకుండా తన మంచినీళ్ళ సీసా నా చేతిలో పెట్టాడు.

జగ్గయ్యపేట ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన రాజ్యలక్ష్మి గారిని ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎరగని ఇల్లు తక్కువ. వాళ్ళందరికీ ఆవిడ సిస్టరమ్మ. నాకు మాత్రం తోడబుట్టిన ఏకైక సోదరి, నాకంటే ఆరేళ్ళు పెద్ద. మాది వీరులపాడు దగ్గర మిరప, పత్తి పండించే రైతు కుటుంబం. మా ఇంట్లో పూజలూ వ్రతాలూ తప్ప మరో ఆరాధన ఎరుగం. అలాంటి ఇంటి నుంచి క్రీస్తును నమ్మిన మొదటి మనిషి, చివరి మనిషి కూడా, మా అక్కే.

ఆ నమ్మకం ఏ ప్రసంగం విని కలిగింది కాదు. అక్క తొలిచూలు ఆడపిల్ల మూడేళ్ళ వయసులో జ్వరంతో కన్నుమూసింది. నర్సయి ఉండి కన్నబిడ్డను దక్కించుకోలేకపోయానన్న వేదనతో అక్క మంచానికి అంటుకుపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఏదో ఒక ఓదార్పు చెప్పి వెళ్ళారు. ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే మార్తమ్మ మాత్రం డ్యూటీ దిగాక రోజూ వచ్చి, అన్నం కలిపి పెట్టి, బట్టలు ఉతికి, పక్కన కూర్చునేది. నెల దాటాక ఒక రోజు, "అమ్మా, మీకోసం ప్రార్థన చేసుకోనాండి?" అని మెల్లగా అడిగింది. అక్క తలూపింది. "మార్తమ్మ నాకేమీ బోధించలేదురా తమ్ముడూ. నా పక్కన కూర్చుంది. అట్లా కూర్చోవడం ఈమెకు ఎవరు నేర్పారా అని వెతుక్కుంటూ వెళ్ళా" అని అక్క నాతో చాలాసార్లు అంది.

బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకుంటావా అని ఎవరో అడిగితే, "మా నాన్న పెట్టిన పేరండి. దేవుడికి ఈ పేరుతోనే తెలుసు" అందట.

మా అక్క పుట్టుకతోనే శాంతమూర్తి అని రాస్తే అది అసత్యమవుతుంది. కొత్త విశ్వాసం తొలి ఆవేశంలో, ఒక శ్రావణ శుక్రవారం నాడు, పీట మీద కలశం పెట్టుకుంటున్న మా అమ్మను చూసి నలుగురిలో ఒక మాట అనేసింది. "ఇన్ని పూజలు చేసావుగా అమ్మా, నీ మనవరాల్ని ఎవరు కాపాడారు?" అమ్మ చేతిలో పసుపు అలాగే ఉండిపోయింది. పీట ముందే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. నాన్న లేచి అక్కతో ఒక్కటే మాట అన్నారు: "ఇంక ఈ గడప తొక్కొద్దు."

నెల తిరక్కుండానే అక్క మళ్ళీ వచ్చింది. గడప తొక్కలేదు. అరుగు మీద కూర్చుని, బయటికొచ్చిన అమ్మ కాళ్ళు పట్టుకుంది. "నేను నమ్మినదానికి కాదమ్మా, అన్న మాటకి. నన్ను క్షమించు" అంది. అమ్మ అక్కడే కరిగిపోయింది. ఆనాటి సంగతి తలచుకుని అక్క తరువాత అంటుండేది: "ఆ రోజు వాదనలో నేనే గెలిచానురా. అమ్మ ఏడ్చింది. అట్లాంటి గెలుపు నాకింక జన్మలో వద్దు." ఆ తరువాత ఎవరి విశ్వాసాన్నీ ఆమె కించపరచగా నేను వినలేదు.

నాన్న మాత్రం కరగలేదు. అక్క నెలకోసారి జగ్గయ్యపేటలో బస్సెక్కి, నందిగామలో మారి, మా ఊరొచ్చేది. అరుగు మీదే కూర్చుని నాన్నకు బీపీ చూసి, మాత్రలిచ్చి, మిషను సంచిలో సర్దుకుంటూ అడిగేది.

"నాన్నా, ప్రార్థన చెయ్యనా?"

"వద్దు."

"సరే నాన్నా."

అంతే. ముఖం చిన్నబుచ్చుకోవడం లేదు, రెండోసారి అడగడం లేదు. అమ్మ అరుగు మీదికే అన్నం తెచ్చి పెడితే తిని వెళ్ళేది. ఏడేళ్ళు ఇదే తంతు. చూడలేక ఒకసారి నేను కోప్పడ్డాను. "ఎందుకక్కా నీకీ అవమానం?" నవ్వింది. "అవమానమేముందిరా? అడగటం నా వంతు, వద్దనటం ఆయన హక్కు. లాయరువి, నీకు నేను చెప్పాలా?"

ఏడో ఏట అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఆ వారం అక్క వరుసగా డ్యూటీలు చేసి, కళ్ళు గుంటలుపడి వచ్చింది. అరుగు మీదికి మంచం వేయించి అమ్మను చూసింది, నాన్నకు బీపీ చూసింది, ఏమీ అడక్కుండానే సంచి భుజాన వేసుకుని లేచింది. నాన్న గొంతు సవరించుకున్నారు.

"ఏంటి, ఇవాళ అడగలేదే?"

"ఏం నాన్నా?"

"అదే... ఎప్పుడూ అడుగుతావుగా."

అక్క సంచి కింద పెట్టింది. "చెయ్యనా?"

"మీ అమ్మ కోసం చెయ్. నాక్కాదు."

అక్క అమ్మ చెయ్యి పట్టుకుని, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే నాలుగు ముక్కలు చెప్పుకుంది. నేను కళ్ళు మూసుకోలేదు గనుక చూశాను: నాన్న భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. ఊళ్ళో పెద్దల ముందు తప్ప ఆయన తువ్వాలు తీయగా నేనెన్నడూ చూడలేదు. అయ్యాక అటు తిరిగి, "ఎండలో ఏం పోతావు, లోపలికొచ్చి అన్నం తిను" అన్నారు. ఏడేళ్ళకు అక్క ఆ గడప దాటింది.

క్రమంగా అమ్మకు చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది. "ప్రార్థన వల్లా, మందుల వల్లా?" అని నేను వేళాకోళమాడితే, "రెండూ ఇచ్చింది నేనేగా, నాకెందుకురా ఆ లెక్క" అంది. నాన్న చివరిదాకా తన పద్ధతిలోనే ఉన్నారు, తన పద్ధతిలోనే పోయారు. ఆ రోజు అక్క ప్రార్థనకు వెళ్ళే మందిరం నుంచి వచ్చిన ఒకావిడ ఏదో గొణగబోతే, "ఆయన ఎట్లా వెళ్ళాలనుకున్నారో అట్లాగే పంపుదామండి" అని అక్కే వారించింది.

మా బావగారి కథ వేరు. ప్రతి ఆదివారం అక్కను స్కూటరు మీద మందిరం దగ్గర దింపి, ఎదురుగా టీకొట్టులో పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి. ఒక క్రిస్మస్ నాడు తనంతట తాను లేచివచ్చి ఆఖరి వరసలో కూర్చున్నారు. అక్క చూసింది, అయినా వెనక్కి తిరగలేదట. "చూస్తే సిగ్గుపడి లేచిపోతారు, ఆయన సంగతి నాకు తెలీదా?" అని నాతో చెబుతుంటే ఆమె ముఖం పెళ్ళికూతురి ముఖంలా వెలిగిపోయింది. మరో మూడేళ్ళకు ఆయన బాప్తిస్మం తీసుకున్నారు.

నేను మాత్రం వాదిస్తూనే మిగిలాను. రోజూ ఉదయం నా పేరు చెప్పి ప్రార్థిస్తుందని తెలిసి ఒకసారి అడిగాను. "నేనేం మారలేదుగా అక్కా. నీ ప్రార్థన ఓడిపోయినట్టేగా?" "నేనేమన్నా కేసు వేసానా, ఓడిపోటానికి? నీ పేరు ఆయనకి చెప్పటం నాకిష్టం, అంతే" అంది. నలభై ఏళ్ళ వృత్తిలో అంతటి జవాబు నాకు మరెవరూ ఇవ్వలేదు.

విజయవాడలో ఆపరేషన్ జరగాల్సిన ఉదయం, లోపలికి తీసుకువెళ్ళే ముందు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఇన్నాళ్ళు నేను చేసా. ఇవాళ నాకోసం నువ్వు చెయ్ తమ్ముడూ."

"నాకు రాదక్కా."

"నీకొచ్చినట్టే చెప్పు. ఆయనకి తెలుగొచ్చు."

అక్క చెయ్యి పట్టుకున్నాను. ఎవరిని సంబోధిస్తున్నానో నాకే స్పష్టంగా తెలియదు. "స్వామీ, మా అక్క మంచిది. తనని ఇంకొన్నాళ్ళు మాకు ఉంచు" అన్నాను. అక్క "ఆమెన్" అని నవ్వి, నా చెయ్యి తట్టి, "బాగా చేసావురా" అంది. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెబితే అన్నట్టే అంది.

బుధవారం సాయంత్రం ఆమెను సాగనంపడానికి మందిరం వాళ్ళూ, మా ఊరి బంధువులూ, ఆమె చేతుల మీదుగా పురుడు పోసుకున్న తల్లులూ తరలివచ్చారు. నుదుట కుంకుమ ఉన్న ఆడవాళ్ళు, లేనివాళ్ళు ఒకే వరసలో నడిచారు. ఆ సౌమ్యమూర్తికి, ప్రేమను ఏనాడూ ఆయుధం చేసుకోని ఆ మహనీయురాలికి నేనిక్కడ అక్షరాలతో నమస్కరిస్తున్నాను. ఆమె లేని శూన్యం మా ఇంట ఎన్నటికీ పూడేది కాదు. అయినా మనసులో ఫిర్యాదు లేదు. జీవితంలో నేను చేసిన ఒకే ఒక ప్రార్థనను ఆయన ఆలకించాడు. ఇంకొన్నాళ్ళన్నాను, నెలరోజులిచ్చాడు. నలభై ఏళ్ళ వకీలునై ఉండి, ఎన్నాళ్ళో రాయకుండా అర్జీ పెట్టడం నా పొరపాటే.