గంజి పెట్టిన నూలు

వైబ్రాఫోన్ వాయిస్తానని చెబితే మా ఎమ్మిగనూరులో "ఏ కంపెనీదన్నా?" అని అడుగుతారు. మొదట్లో కోపం వచ్చేది, ఇప్పుడు ఓపిగ్గా చెబుతాను. నడుమెత్తు బల్ల మీద పియానో మెట్ల వరసలో లోహపు పట్టీలుంటాయి. పట్టీ కింద గొట్టం, గొట్టం మూతిలో చిన్న రేకు. మోటారు ఆ రేకుల్ని తిప్పుతుంటే శబ్దం సన్నగా వణుకుతుంది. కాలి కింద పెడలు తొక్కి పట్టుకుంటే మోత సాగుతుంది, వదిలితే ఆగుతుంది. చేతికి రెండేసి చొప్పున నాలుగు పుల్లలతో వాయించాలి. పుల్ల కొసన రబ్బరు ఉండ, ఆ ఉండ మీద చుట్టిన నూలు. నా బతుకు బోల్తా పడింది ఆ నూలు దగ్గరే.

ఆదోనిలో పెళ్ళి బ్యాండు నడిపే మాస్టరు దాన్ని బెంగళూరులో మూతపడిన ఒక హోటలు నుంచి తెచ్చాడు. ఊరేగింపులో మోయడం ఎవరి వల్లా కాక వెనక రేకుల గదిలో పడేశాడు. నేను ఆ బ్యాండులో డ్రమ్ము కొట్టేవాణ్ణి. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఆ గదిలో దూరి, ఫోన్లో చూసి జాజ్ నేర్చుకున్నాను. పాట ఒకసారి ఉన్నదున్నట్టు వాయించి, ఆ తర్వాత అదే తాళంలో మనకు తోచింది అల్లుకుంటూ పోవాలి. తోచకపోతే అందరి ముందూ నగుబాటే. ఎండాకాలం ఆ గదిలో పట్టీలు ముట్టుకుంటే కాలేవి. వేళ్ళ మధ్య పుల్లలు ఒరుసుకుని పుండ్లు పడేవి. ఆరేళ్ళు అట్లా గడిచాయి.

మాది నేతవాళ్ళ ఇల్లు. నాయన పోయాక మగ్గం మీద నేను కూర్చోలేదు. మా పెదనాయన ఇంటికొచ్చి మరీ తిట్టిపోయాడు. అమ్మ మాత్రం, "ఆడైనా ఈడైనా కాలితో తొక్కేదే కదప్పా, పోనీ" అంది. ఆమె పొరుగు మగ్గాలకు నూలు కండెలు చుట్టేది, వీధిలో పడుగు నూలు సాగదీసి గంజి పెట్టేది. ఆమె గంజి పెట్టిన నూలు మగ్గం మీద తెగదని మా వీధంతా చెప్పుకునేది.

ఒక శ్రావణంలో ఆదోని మిల్లు యజమాని కూతురి రిసెప్షన్‌కు బెంగళూరు నుంచి జాజ్ బృందం వస్తోందని తెలిసింది. వాళ్ళ వైబ్రాఫోన్ మనిషి మానేశాడట. నేను వాయించిన వీడియోలు పంపితే, వాళ్ళ పెద్ద, పియానో వాయించే ఆయన, ఫోన్ చేశాడు. ఆ రోజు తమతో రెండు పాటలు వాయించమన్నాడు. నచ్చితే వెంట తీసుకుపోతానన్నాడు. పెళ్ళి బ్యాండులో కుచ్చుల టోపీ పెట్టుకుని డ్రమ్ము కొట్టే బతుకు నుంచి బయటపడే దారి అదొక్కటే. నాకు వారం రోజులు అన్నం సహించలేదు.

అప్పటికి నా పుల్లల మీది నూలు పీచులు పీచులుగా లేచిపోయింది. నాలుగూ అమ్మ చేతికిచ్చి, "కొత్తగా చుట్టు మా, వాయించేటప్పుడు ఊడిపోగూడదు" అన్నాను. అంతే చెప్పాను. రెండు రోజుల తర్వాత, రిసెప్షన్ రోజు పొద్దున, తెల్లటి గుడ్డలో చుట్టి ఇచ్చింది. నాలుగు ఉండలూ నున్నగా, పోగు మీద పోగు కదలకుండా ఎంత ముద్దుగా ఉన్నాయో! వాద్యం ముందురోజే మండపానికి చేరింది కాబట్టి కొట్టి చూసే వీలు లేదు. ఆ రోజు గురువారం. ఉరుకుంద గుడికి పోయే జనంతో బస్సులన్నీ కిక్కిరిసి, రెండు బస్సులు ఆపకుండానే పోయాయి. నేను మండపం చేరేసరికి బెంగళూరు వాళ్ళు వేదిక మీద కూర్చుని నాకోసం చూస్తున్నారు.

మొదటిది నెమ్మది పాట. మెత్తగా, ఊపిరి వదిలినట్టు మొదలుకావాలి. మొదటి దెబ్బకే ఠంగుమంది. స్టీలు పళ్ళెం బండ మీద పడ్డట్టు! ఇంకా మెల్లగా కొట్టాను, అయినా అదే ఠంగు. పెడలు తొక్కితే ఆ మోత పోకుండా మండపమంతా తిరిగింది. ముందు వరసలో ఎవరో, "ఏందప్పా, గిన్నెలు తోముతాండాడా?" అన్నాడు. నవ్వులు. అల్లాల్సిన చోట నాకు ఒక్కటీ తోచలేదు. పియానో ఆయన నా వంతు కూడా తనే వాయించేసి పాట ముగించాడు. రెండో పాటకు నన్ను పిలవలేదు. "ఫోన్ చేస్తాను బ్రదర్" అన్నాడు, నా మొహం చూడకుండా.

దిగి వచ్చి ఉండను వేలితో నొక్కాను. రాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంజి వాసన. దెబ్బలు తినే నూలుకు గంజి పెట్టకుండా ఇవ్వడం మా ఇళ్ళలో ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లోనే పుట్టిన నాకు ముందే ఎందుకు తట్టలేదో!

ఇంటికి పోయేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. పక్కింటి ఆడవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు ముందే చెప్పుకుంది మరి.

"ఎట్ల మోగినాయి నాయనా?"

పుల్లలు ఆమె కాళ్ళ ముందు విసిరికొట్టాను. "నీ గంజి పాడుగాను! నా నోట్లో మన్ను కొడితివి కదే!"

"గంజి లేకుంటే నూలు నిలబడదు కదప్పా..." అంది. వంగి పుల్లలు ఏరుకుంది. పక్కింటివాళ్ళు లేచిపోయారు.

మర్నాడు నేను లేచేసరికి అమ్మ ఉండల్ని వేడినీళ్ళలో నానబెట్టి, గంజంతా పిండేసి, నీడన ఆరేసింది. ఆరాక తీసుకుపోయి వాయించాను. అబ్బా, ఎంత మెత్తని శబ్దం! ఆ ఆరేళ్ళలో నా చేతుల కింద అంత మంచి శబ్దం ఎన్నడూ పలకలేదు. రేకుల గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను. ఇంటికొస్తే, "ఇప్పుడు బాగుండాయా?" అని భయం భయంగా అడిగింది. బాగున్నాయని చెప్పొచ్చు. నా నోరు పడిపోను, "ఇప్పుడు బాగుంటే ఎవరికి కావాల?" అన్నాను.

బెంగళూరు నుంచి ఫోన్ రాలేదు. ఆ తర్వాతి ఉగాది ముందు అమ్మకు పక్షవాతం వచ్చింది. కండెలు చుట్టే కుడిచెయ్యి చచ్చుపడింది, మాటలు నాలుగైదు మిగిలాయి.

నేనిప్పటికీ ఆ బ్యాండులోనే డ్రమ్ము కొడుతున్నాను. సాధన మానలేదు. ఆ పుల్లలతో వాయించింది ఫోన్లో పట్టి, రోజూ ఆమె చెవి దగ్గర పెడతాను. "బాగుండాయి మా, శానా బాగుండాయి" అంటాను. ఆమెకు ఎంత వినిపిస్తుందో, ఏమి అర్థమవుతుందో తెలియదు. నేను ఆదోనికి బయలుదేరుతూ పుల్లలు చేతిలోకి తీసుకుంటే మాత్రం మంచం మీద కదులుతుంది. ఎడమచెయ్యి ఎత్తి, పక్కింటివాళ్ళు ఉన్నా లేకున్నా, ఒట్టు వేసినట్టు అంటుంది:

"గంజి పెట్టలేదు నాయనా. సూసుకో."