నత్త గుడ్ల మట్టి

మా పక్కింటి తాత పేరు దలుక్సోలో. ఆయన్ని ఎన్నిసార్లు జైల్లో పెట్టారో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. దొంగతనం చేసినందుకు కాదు, ఎవరినో కొట్టినందుకూ కాదు. పెరట్లో గంజాయి మొక్క పెంచినందుకు. పోలీసులు వచ్చేవారు, మొక్కల్ని వేళ్లతో సహా పీకేవారు, ఆయన్ని జీపెక్కించేవారు. అలా ఒకసారి లోపలున్నప్పుడు కలప మిల్లులో ఉద్యోగం పోయింది. ఇంకోసారి లోపలున్నప్పుడు కన్నతల్లి పోయింది. తర్వాత కొన్నాళ్లకి, ఎవరింట్లో వాళ్లు పెంచుకోవచ్చని పెద్ద కోర్టు తీర్పిచ్చింది. ఇంకేముంది, ఊళ్లో డబ్బున్న వాళ్ల పిల్లలు మాల్‌లో దాని నూనె అమ్మే అద్దాల దుకాణాలు తెరిచారు. తాత దగ్గరికి వచ్చి పొరపాటైందని ఒక్క మాటన్నవాడు లేడు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

తాతది రాస్తా మతం. నేను ఆ మతం దాన్ని కాను. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక కంచె, అంతే. పొద్దున్నే వీధి మొదట్లో పిండి ఉండలు నూనెలో వేయించి అమ్ముతాను. తాత వాటిని ముట్టడు. నా పిండిలో ఉప్పుంది, ఈస్టుంది, నూనె ఫ్యాక్టరీది. జుట్టు జడలు కట్టించుకున్న ఆ రాస్తా వాళ్లకి నేల ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాలి. దాన్నే ఇటాల్ అంటారు. మాంసం లేదు, గుడ్డు లేదు, డబ్బా సరుకు లేదు. వాళ్లు మూలిక అని పిలిచే గంజాయి దగ్గర ఆ పట్టింపు ఇంకా ఎక్కువ. ఏప్రిల్ పండుగనాడు డోళ్లు మోగుతుంటే చిలుం ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి తిరుగుతుంది. అందులో వేసేది వాళ్ల దేవుడికి ధూపం. జైల్లో ఉన్న ఏళ్లు తప్పిస్తే, అది ఎప్పుడూ తాత పెరట్లోంచే వెళ్లింది. "నా మట్టిలో మందు పడలేదు" అని ఆయనంటే చాలు, ఎవరూ రెండోసారి అడగరు. ఆస్తి అంటే ఆయనకి అదొక్కటే.

మొన్నటి చలికాలంలో, అంటే మాకు జూన్ జూలైల్లో, మా కొండ మీద వాన ఎడతెరిపి లేకుండా కొట్టింది. ఎండుటాకులూ మేకల ఎరువూ కలిపి తాత ఏళ్లకేళ్లు పెంచుకున్న మట్టి మొత్తం కొట్టుకుపోయి కింద రోడ్డు మీద పడింది. మిగిలింది ఎర్రటి రాతినేల. విత్తనం నాటే రోజులు దగ్గరపడ్డాయి. కొత్త మట్టి పక్వానికి రావాలంటే ఇంకో ఏడాది ఆగాలి, పండుగ ఆగదు కదా. అందుకని జీవితంలో మొదటిసారి ఆయన పెద్దరోడ్డు మీది నర్సరీకి వెళ్లాడు.

దాని ఓనరు క్లూటీ. నవ్వు మొహం, మెత్తటి మాట. ఏ మందూ లేని మట్టి కావాలి, ఇది దేవుడి పని కోసం అని తాత అతనికి విడమరిచి చెప్పాడట. ఇది అడవి బెరడూ ఆకులూ కుళ్లిన మట్టి, చేత్తో తీసి నోట్లో వేసుకున్నా ఏం కాదు అని క్లూటీ ప్రమాణం చేశాడట. పేరూ ఊరూ లేని తెల్ల గోతాల్లో కట్టించి, తన బండిలోనే పంపించాడు. నల్లగా, పొడిపొడిగా, ముచ్చటైన మట్టి. అందులో ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, పసుపుపచ్చ గుళికలు అక్కడక్కడా మెరుస్తున్నాయి. నేను కంచె మీంచి చూసి, ఇవేంటి తాతా అన్నాను.

"నత్త గుడ్లు అమ్మాయీ. అడవి మట్టి కదా, వస్తాయి మరి."

మట్టి అసలైనదే అనడానికి అవి సాక్ష్యమని ఆయనకి లోలోపల సంబరం కూడా. కానీ గుడ్లు పగిలి నత్తలు బయటికొస్తే లేత మొక్కలు దక్కవు. గుడ్లు చిదిమేద్దామంటే, గుడ్డు తినని మనిషి గుడ్డును చంపడమా? ఆ సంగతి శనివారం ప్రార్థనలో పెట్టాడు. ఒకాయన చిదమమన్నాడు, ఒకాయన బాతులకి వేయమన్నాడు. చివరికి అందరికన్నా పెద్దావిడ జెమైమా అక్క, వాటిని అడవిలో వదిలేయమంది. తాత వారం పాటు ఎండలో కూర్చుని, దొరికినన్ని ఏరి పాల డబ్బాలో పోసుకుని, అడవి అంచున ఒక చెట్టు మొదట్లో నెమ్మదిగా కుమ్మరించి వచ్చాడు. పిల్లలు బయటికొచ్చారేమోనని అప్పుడప్పుడూ వెళ్లి చూసేవాడు. నేను చాలా నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే క్లూటీ గొంతు పట్టుకోవాలనిపిస్తుంది.

ఎంత ఏరినా లోపల ఉండాల్సినవి ఉండనే ఉన్నాయి. నాటిన మొక్కలు కంచె ఎత్తు దాటాయి. ఆకులు నల్లపచ్చగా, తోలులా మందంగా వచ్చాయి. క్లూటీ ఒకరోజు చూడ్డానికొచ్చి, మొక్కల మధ్య తాతను నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. పాపం తాత పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. వారం తిరక్కుండా ఆ ఫోటో నర్సరీ గేటు మీద బోర్డయింది. కింద పెద్దక్షరాలతో, రాస్తా పెద్దలు మెచ్చిన మట్టి అని.

మార్చి వచ్చింది. కోతకొచ్చే ముందు ఆకు పండి పసుపుకి తిరగాలి, పూమొగ్గ గట్టిపడాలి. ఈ మొక్కలు మాత్రం పండమంటే పండమని కూర్చున్నాయి. ఆకుల కొసలు మాడుతున్నాయి, కొత్త చిగుళ్లు వేస్తూనే ఉన్నాయి. తాతకు నిద్ర పట్టడం మానేసింది. ఒకరోజు నత్తల్ని చూడ్డానికని అడవికి వెళ్లినవాడు గబగబా తిరిగొచ్చి, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. గుళికలు పోసిన చోట నేల మాడిపోయి ఉంది. దాని చుట్టూ మాత్రం గడ్డి నల్లపచ్చగా, ఏపుగా లేచింది. సరిగ్గా ఆయన మొక్కల రంగే. ఒక్క నత్తా లేదు. పట్టి నొక్కితే నీళ్లు కారే ఖాళీ తొక్కలున్నాయి.

వాటిని డబ్బాలోకి ఎత్తుకుని ఇద్దరం నర్సరీకి వెళ్లాం. అక్కడ కుండీలు కడిగే నోలుబా డబ్బాలోకి చూసి ముందు నవ్వింది. తాత మొహం చూసి ఆపేసింది.

"గుడ్లేంటి తాతా, ఇది రసాయన ఎరువు. ఫ్యాక్టరీలోనే కలిపేస్తారు. నీళ్లు పోసినప్పుడల్లా కాస్త కాస్త ఊరుతుంది, ఆర్నెల్లు వస్తుంది. సంచి మీద రాసుంటుంది కదా," అని, గొంతు తగ్గించి, "నీ మట్టిని మాత్రం ఆయన మాచేత తెల్ల గోతాల్లోకి మార్పించాడు," అంది.

క్లూటీ కంగారు పడలేదు, సిగ్గూ పడలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అబద్ధమెందుకు చెప్పావని తాత అడిగితే, మొక్క ఏనుగంత పెరిగింది, ఇంకేం కావాలని ఎదురు అడిగాడు. బోర్డు తీసెయ్యమన్నాడు తాత. అప్పుడు క్లూటీ ముందుకు వంగి అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను.

"పెద్దాయనా, తీసేస్తే ఎందుకు తీశానని మీవాళ్లే అడుగుతారు. నీ మూలికలో మందుందని వాళ్లకి తెలిస్తే పోయేది నీ పరువే. నువ్వు చెప్పకు, నేనూ చెప్పను. ఇద్దరికీ మంచిది."

తాను చేసిన మోసానికి ఆయన సిగ్గును తాళంగా వేసుకున్నాడు. అలాంటివాడి దుకాణం ముందు కార్లు బారులు తీరి ఉంటాయి.

ఇంటికొచ్చాక నేనే అన్నాను, ఎవడో చేసిన మోసానికి నువ్వెందుకు తల వంచాలి, ఊరుకో, చిలుంలో పడ్డాక ఎవరికి తెలుస్తుంది అని. ఆయన నా మీద కోప్పడలేదు.

"వాళ్లు నా మాట నమ్మి ఆ పొగ గుండెల్లోకి పీల్చుకుంటారమ్మాయీ. అందులో అబద్ధం ఎట్టా కలపను?"

శనివారం ప్రార్థనకి నేనూ వెళ్లాను, గుమ్మం బయట నిలబడ్డాను. తాత డబ్బా తెరిచి గుళికల్ని చాప మీద పోసి జరిగిందంతా చెప్పాడు. ఎక్కడా తనను వెనకేసుకురాలేదు. వెనక ఎవరో, ముసలాడు సంచి మట్టికి దిగాడని గొణిగారు. జెమైమా అక్క వంగి ఒక గుళికను తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఈ ఏడు చిలుం ఖాళీగానే తిరుగుతుంది," అంది. "వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దాం."

దలుక్సోలోనే మళ్లీ తెస్తాడని ఆవిడ అనలేదు. తాత ఆ మాట కోసమే తలెత్తి ఉండటం నేను చూశాను. ఆవిడ మీద కూడా కోపమొచ్చింది నాకు.

సోమవారం పొద్దున్నే కంచె అవతల మట్టి పెళ్లగిల్లిన చప్పుడు. చూస్తే తాత మొక్కల్ని ఒక్కొక్కటే ఊపి ఊపి పీకుతున్నాడు. అన్నిటినీ తోపుడు బండి మీద వేసుకుని, వేళ్లకి అంటుకున్న పసుపు తొక్కలతో సహా పెద్దరోడ్డు దాకా తోసుకెళ్లాడు. నేను పొయ్యి ఆర్పేసి వెనకే పరుగెత్తాను. నర్సరీ గేటు ముందు, నవ్వుతున్న తన బొమ్మ కింద, బండి ఆపి నిలబడ్డాడు. వచ్చినవాళ్లందరికీ వేళ్లు విడదీసి చూపించి, తనకి చెప్పిందేమిటో, ఇచ్చిందేమిటో చెప్పాడు. కార్లలో వచ్చినవాళ్లు కొందరు విన్నారు, కొందరు తిరిగి వెళ్లిపోయారు. క్లూటీ బయటికి రాలేదు, పోలీసులకి ఫోన్ చేశాడు.

వచ్చింది చిన్న వయసు కానిస్టేబులు. మర్యాదగానే మాట్లాడాడు. ఇంట్లో అయితే పర్లేదు కానీ నలుగురూ తిరిగే చోట ఇలా పెట్టకూడదు తాతా, స్వాధీనం చేసుకోవాలి అంటూ బండి మీద చెయ్యి వేశాడు. ఏ నేరం మీద? ఎవరి నేరం మీద? గేటు లోపలున్నవాణ్ణి అడగవా అని నేను అరవబోయాను. తాత నన్ను ఆపాడు.

"తీసుకెళ్లు నాయనా. ఇన్నాళ్లూ మీరొచ్చి పీకేవాళ్లు. ఈసారి నేనే పీకాను."