శెనిక్కాయల గదిలో జెర్రిపోతు

మొన్న ఇంటిల్లిపాదీ పాముల్ని పట్టుకోనిచ్చే పార్కుకు పోయినాం. నంద్యాల దాటినప్పటి నుంచి మనవరాలిది ఒకటే పోరు, "తాతా, నువ్వే ముందు పట్టుకోవాల!" అని. పట్టుకున్నా. కొండచిలువ చేతుల మీద చల్లగా జారుతాంటే కండ్లు వాటంతటవే మూతలు పడినాయి. లోపల చూస్తే, ఆళ్లగడ్డలో నా చిన్నప్పటి మా శెనిక్కాయల గది.

మన ఈడోళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ మట్టివాసన, ఆ మసక వెలుతురు. మా గోనెసంచులకు ఎలుకలు కిటికీలు పెట్టేవి, అది వేరే కథలెండి. ఆ సంచుల మీద ఒక జెర్రిపోతు నీళ్లు పారినట్టు మెల్లగా పోయేది. నేను గడపలో కూర్చొని చూస్తా ఉండేవాణ్ణి.

ఒకరోజు వీధిలోవాళ్లు కట్టెలు పట్టుకొని వచ్చినారు. దాన్ని చంపేస్తారని నేను ఏడుపు లంకించుకున్నా. మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, గబగబా గడపకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, అడ్డం నిలబడింది.

"ఇంగ ఇది నాగన్న గుడి. కొట్టేటోళ్లు ముందుకు రాండప్పా!"

కట్టెలు కిందికి దిగినాయి. ఒకాయన చెప్పులు విడిచి దండం కూడా పెట్టినాడు.

అందరూ పోయినాక అడిగినా, "అది నిజంగా దేవుడా జేజీ?"

"ఏం దేవుడురా? ఈ ఇంట్లో ఎలుకల్ని పట్టేది అదొక్కటే. అది పోతే నువ్వు పడతావా?"