అమ్మ మానేసిన ఎర్ర బిళ్ళలు

ఏడో తరగతిలో మేష్టారు నన్ను బయట నిలబెడితే, గాలి బాగుందని మర్నాటి నుంచి బయటే ఉండిపోయాను. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా కాశీబుగ్గ జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు ఉడకబెడుతూ, పక్కనున్నవాళ్ళను నవ్విస్తూ బతికేస్తున్నాను. అక్కడ నా నోటివల్ల ఎవరికీ నష్టం రాలేదు. ఇంట్లోనే వచ్చింది.

అమ్మకు కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో ఈ మాటకు ఎవరూ ఉలిక్కిపడరు. "మీ ఇంట్లో కూడానా?" అని పక్కకు జరిగి చోటిస్తారు. వారానికి రెండుసార్లు పూండి నుంచి ఆటోలో పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేవాణ్ణి. రోజుకు రెండు గ్లాసుల నీళ్ళే తాగాలన్నారు. ఒక గ్లాసు మందులకే అయిపోయేది. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, బొండాం మాత్రం విషంతో సమానమన్నారు. ఎండాకాలం అమ్మ నాలుక అంగిలికి అంటుకుపోయేది.

పుల్లటి బిళ్ళ ఏదైనా చప్పరిస్తే నోరు ఊరుతుందని నర్సమ్మ చెప్పింది. అప్పుడే మా అక్క మొగుడు, బావ, దుబాయి నుంచి వస్తూ ఒక డబ్బా రంగురంగుల పిప్పరమెంటు బిళ్ళలు తెచ్చాడు. అమ్మ ఎర్రవే ఏరుకునేది. దవడకు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ కాసేపే ఆమె ముఖంలో దాహం కనిపించేది కాదు.

"ఏటమ్మా, పెళ్ళికూతురులాగ మూతి ఎర్రగా పెట్టుకున్నావు?"

"ఊరుకోరా ఎదవా. నీ పెళ్ళి కోసం సూసి సూసి నానే ముస్తాబయిపోనాను."

ఒకరోజు బావ డబ్బా తిప్పి చూస్తూ, "ఈ రంగు నంబరు సూసినావేటి? నూట ఇరవై. మా రూములో ఒకడు ఇదుంటే ముట్టడు. పురుగు రంగు" అన్నాడు.

"ఏ పురుగు బావా?"

"నాగజెముడు మీద బతుకుతాదట. ఎండబెట్టి నూరితే ఎరుపొస్తాది."

నా నోరిక ఆగలేదు. అరుగు మీదున్న అమ్మ దగ్గరికెళ్ళి, "సేపలు మానేసి పురుగుల్లోకి దిగినావేటమ్మా?" అని మొత్తం చెప్పేశాను. బావ గట్టిగా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. బిళ్ళ అరచేతిలోకి ఉమ్మేసింది.

నాకు పదేళ్ళప్పుడు పచ్చకామెర్లు వచ్చి ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉంటే, బిడ్డ బతికితే చచ్చేదాకా నీసు ముట్టనని అమ్మోరికి మొక్కుకుంది. సముద్రం పక్కన పుట్టి, ఎండుచేప లేనిదే ముద్ద దిగని మనిషి. ఆ తర్వాత పాతికేళ్ళు నేను ఎదురుగా కూర్చుని చేప ముళ్ళు తీసుకుంటుంటే తను పచ్చడన్నం తింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే వాగాను.

"నీసు తినేసినాన్రా. నీకేటైనా అయిపోతే?" అంది.

బావ అబద్ధం చెప్పాడన్నాను. బావ కూడా, "అవునత్తా, సరదాకన్నాను" అని ఒట్టేశాడు.

"మీరిద్దరూ ఏనాడైనా ఒక మాట మీదున్నారా? ఇప్పుడున్నారంటే అది నిజవే."

తప్పు చెల్లించుకోడానికి ముర్రాట ఎత్తుతానంది. పసుపు, వేపమండలు వేసిన నీళ్ళకుండను నెత్తిన పెట్టుకెళ్ళి అమ్మోరికి పొయ్యడం మా వైపు ఆడవాళ్ళ ఆచారం. నేను మోస్తానన్నాను.

"మొక్కు నాది. నువ్వెనకాల రా."

డయాలసిస్ సూదులు పొడిచే చేత్తో బరువెత్తకూడదు. రెండో చేత్తోనే కుండ పట్టుకుని నడిచింది. దారిలో నీళ్ళు తొణికి చెంప మీదుగా పెదాల దాకా కారాయి. ఆమె నాలుక చాపలేదు. అమ్మోరి ముందు కుండ ఒంపేసి, నావైపు తిరిగి, "ఇంక నీకేటీ అవదు" అంది. ఎన్నాళ్ళకో హాయిగా ఊపిరి తీసుకుంది.

ఆ తర్వాత ఏ రంగు బిళ్ళా ముట్టలేదు. బజారంతా తిరిగి నిమ్మబిళ్ళలు తెచ్చాను. "అందులో ఏటుందో నీకు తెలుసా?" అంది. తెలీదు. నిమ్మబద్ద ఇస్తే నోటిపూతకు మండేది. దాహాన్ని అలాగే ఓర్చుకుంది.

రెండు నెలలకు మంచం పట్టింది. చివరి మధ్యాహ్నం మాట పోయింది. కళ్ళు తెరవలేదు. పగిలిన పెదాల మధ్య నాలుక దేనికోసమో వెతుక్కుంటోంది. అక్క వస్తోంది, ఇంకా చేరలేదు. ఇంట్లో నేనొక్కణ్ణే. డబ్బాలోంచి ఒక ఎర్ర బిళ్ళ తీసి, తడిపి, ఆమె నోటి దాకా తీసుకెళ్ళాను. పెట్టినా ఆమెకు తెలీదు. ఆ మొక్కు మీద నాకు నమ్మకమూ లేదు. అయినా పాతికేళ్ళు నన్ను బతికించుకుంటున్నాననుకుని ఆమె తిన్న పచ్చడన్నం కదా. చెయ్యి ముందుకెళ్ళలేదు. బిళ్ళ వేళ్ళ మధ్య కరిగి గోళ్ళు ఎర్రబడ్డాయి.

చేతులు కడుక్కుని, శుభ్రమైన గుడ్డ నీళ్ళలో ముంచి పెదాలు తుడిచాను. అమ్మ గుడ్డ కొసను పెదాలతో పట్టుకుంది. వదిలేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.