చిన్నాయన చూపించిన పట్టు

మా చిన్నాయన పోయాడని పోయిన నెల ఒక గురువారం పొద్దున కబురొచ్చింది. ఏడుపు రాలేదు. పొయ్యి మీద పాలు దించి, ఆఫీసుకు సెలవు చెప్పి, నాంపల్లి బయల్దేరాను. పదోరోజున పంచే చిన్న పుస్తకంలో వెయ్యడానికి నాలుగు మంచి మాటలు రాసివ్వమని ఆయన కొడుకు అడిగాడు. నేను రాసేది అందులో వెయ్యరని తెలుసు కాబట్టి మీకు రాస్తున్నాను.

ఆయన నాంపల్లి కోర్టులో గుమాస్తా. చొక్కా ఇస్త్రీ చెదరకుండా కూర్చునేవాడు. తనకు నచ్చని మాట వస్తే గోళ్లు చూసుకునేవాడు. "పొద్దంత కోర్టుల అబద్ధాలే వింట. ఇంట్ల గూడ అంటే నడువది" అని పెద్దాచిన్నా అందర్నీ నిలబెట్టి విచారించేవాడు. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మాకు ఆయనంటే హడల్.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం మనిషి మారిపోయేవాడు. కేబుల్‌లో విదేశీ కుస్తీ షో వచ్చేది. ఆడపిల్లకు కుస్తీలేందని అమ్మ గొణిగితే, "కూసోనియ్యి వదినె. ఈ ఇంట్ల పట్లు సమజయ్యేది గీమెకొక్కదానికే" అని నన్ను పక్కన కూచోబెట్టుకునేవాడు. ఆ మాట కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. అది కాదనలేకే ఇంకా మండుతుంది నాకు.

ఒక ఆదివారం వచ్చిన షో గురించి కుస్తీ పిచ్చోళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముసుగు వస్తాదు తనకు రెండింతలున్న గుండు వస్తాదును తలపైకెత్తి విసిరేశాడు. చిన్నాయన లేచి నిలబడ్డాడు. "గిట్ల" అంటూ నన్ను నడుం పట్టి పైకెత్తాడు. నాకు పదేళ్లు. పరుపు మీద వేస్తాడనుకొని నవ్వుతున్నాను. ఆయన చూపు టీవీ మీదే ఉంది. నేను కింద పరిచిన షాబాద్ బండల మీద పడ్డాను. ఎడమ మోచెయ్యి విరిగింది.

ఇంట్లో మేమిద్దరమే, అమ్మావాళ్లు సుల్తాన్ బజార్ పోయారు. నాలుగడుగుల దూరంలో దవాఖాన ఉంది. "డాక్టర్‌కేం ఎరుక? కుస్తీల ఇరిగింది పహిల్వానే కట్టాలె" అని ఆటో ఎక్కించాడు చిన్నాయన. కుస్తీ నేర్పే తాలీంలో ఎముకలు కూడా కట్టేవాళ్లు, మా వైపు చాలామంది అక్కడికే పోయేవాళ్లు. పహిల్వాన్ గుడ్డుసొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఎముక వంకరగా అతుక్కుంది.

వాపసు వస్తూ మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీమ్ ఇప్పించాడు.

"మెట్ల మీద పడ్డనని చెప్పు బిడ్డా. అసలుది చెప్తే మీ అమ్మ కేబుల్ తీసేపిస్తది. మల్ల మనిద్దరం చూసుడెట్ల?"

మనిద్దరం అన్నాడు కదా, పొంగిపోయాను. చెప్పమన్నట్టే చెప్పాను. మెట్ల మీద దుంకినందుకు అమ్మ వీపు మీద రెండేసింది. ఆయన పక్కనే నిలబడి గోళ్లు చూసుకున్నాడు. తర్వాతి ఆదివారం ఆయన గది తలుపు కొడితే, "చెయ్యి మంచిగైనంక రా" అని లోపలి నుంచే అన్నాడు. కట్టు చూస్తూ కుస్తీ చూడబుద్ధి కాలేదేమో. నన్ను మళ్లీ ఎప్పుడూ పిలవలేదు.

ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. టైలర్ నా జాకెట్టుకు రెండు చేతులూ విడివిడిగా కొలుస్తాడు. మెట్లు కనిపిస్తే చాలు, "పైలం, మెల్లగ దిగు" అంటుంది అమ్మ. ఆ మాట విన్నప్పుడల్లా చిన్నాయన, "ఔ, చిన్నప్పటి సంది దుడుకే" అని వంత పాడేవాడు. చెయ్యి విరిచింది ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఈ వంత పాడటాన్ని మాత్రం ఆయన పోయాక కూడా క్షమించలేకపోతున్నాను.

పదోరోజు అయ్యాక వచ్చిన ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన ఆ షో సీడీ దొరికింది. ఇంట్లో పెట్టాను. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పక్కన కూచుంది. ఆ పట్టు దగ్గర వెనక్కి తిప్పి, నెమ్మదిగా నడిపించాను. అదంతా ముందే అనుకొని ఆడేదని ఇప్పుడు అందరికీ తెలుసు. కానీ నేను చూసింది వేరు. గుండు వస్తాదు తనే ఎగిరి సాయం చేస్తున్నాడు. ముసుగు వస్తాదు అరచెయ్యి అతని నడుం కింద చివరిదాకా ఉంది. ఎత్తిన మనిషి మీంచి ఒక్కసారి కూడా చూపు తిప్పలేదు.

"ఎంత పైలంగ దించిండు సూడు" అంది అమ్మ.

"చిన్నాయన నన్ను గట్ల దించలేదమ్మా" అన్నాను. "నేను మెట్ల మీద పడలే."

మొత్తం చెప్పాను. టీవీలో జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపి, నా ఎడమ చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. మోచేతి దగ్గర మెల్లగా తడిమింది.

"నిన్ను కొట్టిన గదనే ఆ దినం" అంది.