తొమ్మిది టేకుల లెక్క

ఓదెలు ఇరవై రెండేళ్లు సినిమాల్లో నడిచాడు. మార్కెట్లో కూరలు బేరం చేసేవాళ్లలో, కోర్టు బయట నిలబడేవాళ్లలో, పెళ్లి భోజనాల చివరి వరసలో ఆయన ఉంటాడు. మోకాలు అరిగాక ఏజెంట్లు పిలవడం మానేశారు. యాభై మూడో ఏట కూర్చుని చేసే పని దొరికింది.

నగరంలో కిరాయి సైకిళ్ల స్టాండ్లు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఒక కన్సల్టెన్సీ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ రోడ్ల మీద మనుషులను కూర్చోబెట్టింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ, నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరిగే, అరచేతిలో పట్టే క్లిక్కర్, ఒక ఫారం. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ముందు నుంచి ఎవరు నడిచిపోయినా ఒకసారి నొక్కాలి. తొమ్మిదింటికి క్లిక్కర్ మీది అంకె ఫారంలో రాసి సంతకం పెట్టాలి. చివర రిమార్కుల గడి ఉంటుంది.

భార్య బుచ్చమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. ఈ పని ఆయనకు సరిపోయింది. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. మొదటి వారం నడిచేవాళ్ల మొహాలు చూసేవాడు. తర్వాత కాళ్లు చూసి నొక్కడం అలవాటైంది.

కూతురు వందన ఒక స్టూడియోలో కాస్ట్యూమ్స్ విభాగంలో కుట్టుపని చేస్తుంది. ఆరింటికల్లా లోపల ఉండాలి. బోరబండలో మొదటి బస్సు ఎక్కితే బస్తీ మలుపు దగ్గర దించుతుంది. అక్కడి నుంచి స్టూడియో గేటు దాకా అంతా ఎత్తు, పది నిమిషాల నడక. ఆ నెలలో ఆమెకు రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే ఇంకో మనిషిని చూసుకుంటామని కాస్ట్యూమర్ చెప్పాడు.

"ఆ సైకిళ్లు బ్యాటరీతోని గుంజుతయంట గద బాపూ, గడ్డ గూడ ఎక్కుతయంట," అంది వందన ఒక రాత్రి అన్నం పెడుతూ. "మా మలుపు కాడ ఒకటి పెట్టియ్యరాదు."

"నేను పెట్టెటోన్నా? నేను ఒత్తెటోన్ని."

"జర గట్టిగ ఒత్తు మరి."

బస్తీ మలుపు దగ్గర ఓదెలు లెక్క నూట పద్దెనిమిది వచ్చింది. గట్టిగా ఏమీ నొక్కలేదు. వచ్చినవాళ్లకే నొక్కాడు.

తర్వాతి సోమవారం ఆయన్ను పైన, మలుపుకు మూడు వందల మీటర్ల దూరంలో ఉన్న మూల మీద వేశారు. ఏడున్నరకు రెండు వ్యాన్లు వచ్చి ఆగాయి. మామూలు బట్టల్లో ఉన్న మనుషులు దిగి, రోడ్డుకు ఆ చివర కొందరు, ఈ చివర కొందరు నిలబడ్డారు. సగం మందిని ఓదెలు ఎరుగును. అంతలో జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు నాగసాయి పరుగున వచ్చాడు.

"ఓదెలన్నా! నువ్వేంటి ఇక్కడ? ఎవరు పిలిచారు నిన్ను?"

"ఎవ్వలు పిలువలే. డ్యూటీల ఉన్న. కుర్చీ తియ్యాల్నా?"

నాగసాయి వెనక్కి చూశాడు. వ్యాన్ దగ్గర నుంచి ఎవరో చెయ్యి ఊపారు.

"వద్దంట. అలాగే ఉండు. భలే నేచురల్‌గా ఉన్నావంటున్నాడు కెమెరామెన్. ఏం చేస్తున్నావో అదే చెయ్. కెమెరా వైపు మాత్రం చూడకు."

"నాకు జెప్తున్నవా?" అన్నాడు ఓదెలు.

మొదటి టేక్‌లో ముప్పై ఆరుగురు ఆయన ముందు నుంచి నడిచారు. అలవాటుగా నొక్కాడు. తర్వాత అందరూ మొదటి చోటికి వెళ్లి మళ్లీ నడిచారు. మొదటి టేక్‌లో బొటనవేలు కదిలింది కాబట్టి రెండో టేక్‌లోనూ కదలాలి. లేకపోతే కంటిన్యుటీ పోతుంది. ఎవరో ఒకరు చెయ్యి తప్పు వేస్తే నలభై మంది మళ్లీ నడవాలని ఆయనకు తెలుసు. ఇరవై రెండేళ్లలో ఆయన వల్ల ఒక్క టేక్ పోలేదు. తొమ్మిది టేకులు తీశారు. తొమ్మిదిసార్లూ ముప్పై ఆరు నొక్కాడు.

వ్యాన్లు వెళ్లిపోయాయి. తొమ్మిదింటికి క్లిక్కర్ నాలుగు వందల ముప్పై ఏడు చూపించింది. రాశాడు, సంతకం పెట్టాడు. రిమార్కుల గడి మీద పెన్ను కాసేపు ఆగింది. ఎక్కడ మొదలుపెట్టి రాయాలో తోచలేదు. ఫారం మడిచి కవర్లో పెట్టాడు.

పదిహేను రోజుల తర్వాత కన్సల్టెన్సీలో ప్లానర్‌గా పనిచేసే వర్ణిక ఆ మూలకు రమ్మని ఫోన్ చేసింది. కాకినాడ అమ్మాయి, ముప్పై ఏళ్లుండవు. స్కూటర్ మీద మ్యాప్ పరిచి, టేపు ఒక కొస ఆయన చేతికిచ్చింది.

"ఫుట్‌పాత్ అంచు దగ్గర పట్టుకోండి ఓదెలు గారు. స్టాండు ఇక్కడే వస్తుంది."

ఆయన పట్టుకున్నాడు. ఆమె కొలిచి, పసుపు రంగుతో రెండు గీతలు వేసింది.

"కింద మలుపు కాడ గూడ ఒస్తదా మేడం?"

"రాదండీ. స్టాండుకీ స్టాండుకీ నాలుగు వందల మీటర్లుండాలి. రెండిట్లో ఒకటే. అక్కడ నూట పద్దెనిమిది, ఇక్కడ నాలుగు వందల ముప్పై ఏడు. పోటీయే లేదు."

ఈ మూల దాకా వస్తే స్టూడియో గేటు కనిపిస్తూనే ఉంటుంది, ఇక వందనకు సైకిల్‌తో పని లేదు. నిటారు ఎత్తంతా కిందే ఉంది.

"ఆ లెక్క తప్పు మేడం," అన్నాడు. "ఆ దినం గీడ షూటింగు అయింది."

ఆమె టేపు చుట్టడం ఆపింది. ఆయన మొత్తం చెప్పాడు. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది.

"ఎన్ని టేకులు?"

"తొమ్మిది."

"ఎంతమంది?"

"ముప్పై ఆరుగురు. నాకు మంచిగ యాదున్నది."

ఆమె ఫోన్లో లెక్క వేసి చూపించింది. "నూట పదమూడు."

మలుపుకు ఐదు ఎక్కువ. ఓదెలు ఆ అంకె వైపే చూస్తూ నిలబడ్డాడు.

"రిమార్క్స్‌లో ఎందుకు రాయలేదండీ?"

"రాయలే."

"మలుపు దగ్గర కౌంట్ చేసింది కూడా మీరే కదా?"

"నేనే. అది అసలు లెక్క మేడం."

"నాకు తెలుసండీ. నాకు తెలిస్తే సరిపోదు. ఒక ఫారం తప్పని తేలితే ఆ సంతకమున్న ఫారాలన్నీ తీసెయ్యాలి. అది రూల్." ఆమె గొంతులో కోపం లేదు. "గురువారం లిస్ట్ వెళ్లిపోతుంది. మళ్లీ కౌంట్ చేయించే టైం లేదు."

"ఇప్పుడు నేను ఏం చెప్పలేదనుకుంటే?"

"చెప్పారు కదా," అంది.

మ్యాప్ మీద రెండు చోట్లా కొట్టేసింది. ఇంకొకరు లెక్కపెట్టిన మూడో చోటు ఉంది, అవతలి రోడ్డులో కాఫీ షాపు ముందు, తొంభై ఆరు. దాని చుట్టూ గుండ్రంగా గీసింది. వెళ్లేముందు కుర్చీ, క్లిక్కర్ ఆఫీసులో అప్పజెప్పమంది. మెల్లగానే చెప్పింది. ఓదెలు సరే మేడం అన్నాడు. ఆమె స్కూటర్ మలుపు తిరిగేదాకా ఉండి, బస్సు కోసం దిగువకు నడిచాడు.

సాయంత్రం వందన వచ్చి కాళ్లు కడుక్కున్నాక చెప్పాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని అంతా విన్నది.

"నువ్వు చెప్పకపోతే?"

"పైన మూల మీద అయితుండె."

"చెప్తే?"

"రెండు కాడ్ల కాలే."

"కంటిన్యుటీ అట, కంటిన్యుటీ." వందన నవ్వబోయి మానేసింది. "ఇరవై ఏండ్లల్ల నీ మొఖం ఒక్క సినిమల కనవడలే బాపూ. ఇగ నీ బొటనేలు ఎవ్వలు జూస్తరే?"

ఇద్దరూ పప్పన్నం తిన్నారు. గిన్నెలు ఆమె కడిగింది, ఆయన బోర్లించాడు.

వందన ఫోన్ తీసి, నాలుగుంబావుకు ఉన్న అలారం నాలుగింటికి మార్చింది. అంతకుముందు వచ్చే బస్సు లేదు. మోతీనగర్ దాకా నడిచి, అక్కడి నుంచి షేర్ ఆటో దొరుకుతుందేమో చూస్తానంది.

"నన్ను గూడ లేపు," అన్నాడు ఓదెలు.

"నీకేం పనున్నది?"

ఓదెలు ఆలోచించాడు.

"ఏం లేదు," అన్నాడు.