ఆరు వేల పడవకు ఏడు వందల సర్వే

మా ఆయన రిటైరైన మొదటి చలికాలంలోనే నా పోపుల డబ్బాలో గిన్నెలకు లేబుళ్ళు అంటించారు. ఆవాల గిన్నెకు ఆవాలని, జీలకర్ర గిన్నెకు జీలకర్రని. ముప్పై నాలుగేళ్ళుగా కళ్ళు మూసుకుని పోపు వేస్తున్నదాన్ని నేను. ఆ రోజు నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను గానీ సారాంశం ఇది: నా వంటిల్లు వదిలిపెట్టి ఇంకెక్కడైనా ఓ వ్యాపకం వెతుక్కోండి మహానుభావా అని. ఆయన నిజంగానే వెతుక్కున్నారు. కాబట్టి తర్వాత జరిగినదానికి మొదటి ముద్దాయిని నేనే.

ఏప్రిల్లో ఒక ఆదివారం మాకు బాగా తెలిసిన డాక్టరుగారింటికి భోజనానికి వెళ్ళాం. ఆయనది గుంటూరు. ఇక్కడ కెనడాలో, మా సార్నియాలో నలభై ఏళ్ళు ప్రాక్టీసు చేసి మానేశారు. వంట ఆయనకు సరదా, ఆ రోజు గోంగూర పప్పు ఆయనే చేసి, ఆయనే కొసరి కొసరి వడ్డించారు. చేతులు కడుక్కున్నాక మమ్మల్ని గరాజ్ వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ ట్రైలర్ మీద, తెల్లటి ప్లాస్టిక్ కింద ఒక పడవ ఉంది. ఇరవై రెండు అడుగులుంటుంది. ముందు ఇద్దరు ముడుచుకుని పడుకునేంత గది, వెనక మోటారు. వయసు ఇరవై ఆరేళ్ళు.

"పడవ బాగానే ఉందయ్యా, పాడైంది నా మోకాళ్ళు. ఎక్కలేకపోతున్నాను. ఆరు వేలిచ్చి తీసుకుపో," అన్నారు మా ఆయనతో.

మా ఆయన పడవ చుట్టూ మూడుసార్లు తిరిగారు. చేత్తో నిమిరారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో రెడ్ లైట్ పడ్డప్పుడల్లా తనలో తనే నవ్వుకుంటున్నారు. పెద్దమ్మాయి పుట్టినప్పుడు చూశాను ఆ నవ్వు. ఇక ఈయన ఆగరని నాకు అప్పుడే అర్థమైంది.

నాకు నీళ్ళంటే భయం. నది ఒడ్డున నడకకు వెళ్తే, పెద్ద ఓడలు వంతెన కిందనుంచి పోతుంటే అందరూ కటకటాల మీద వాలి చూస్తారు, నేను రెండడుగులు వెనక నిలబడి చూస్తాను. మా ఆయనకు ఈత వచ్చు. వచ్చు అంటే, అరవై ఒకటో ఏట ఊరి పూల్‌లో ఆరేళ్ళ పిల్లల పక్కన నిలబడి నేర్చుకున్నారు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్ళగలరు. మా ఊరి పక్కనున్న హ్యూరాన్ సరస్సుకు గోడలు లేవు.

ఆ సంగతి ఆ రాత్రి అన్నం దగ్గరే చెప్పేస్తే ఈ కథ ఉండేది కాదు. చెప్పలేదు. మా పుట్టింట్లో ఎవరూ ఎవరికీ ఎదురుగా కాదని చెప్పేవాళ్ళు కాదు. నాకు సంబంధాలు చూసే రోజుల్లో మా అమ్మ తనకు నచ్చనివాళ్ళందరికీ "జాతకాలు కుదరలేదండీ" అని కబురు పంపించేది. వాటిలో సగం జాతకాలు సిద్ధాంతిగారి గుమ్మం కూడా ఎక్కలేదు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు, ఎవరితోనూ రాకపోకలు తెగలేదు, తప్పంతా గ్రహాల మీదికి పోయేది. కాదనే పని మనది కాకుండా చూసుకోవడం నేను అలా ఉగ్గుపాలతోనే నేర్చుకున్నాను.

వాటర్లూలో ఉండే పెద్దమ్మాయికి ఫోన్ చేసి మొత్తుకుంటే అది తాపీగా, "అమ్మా, జస్ట్ గెట్ ఎ సర్వే," అంది. అదేమిటే అంటే వివరంగా చెప్పింది. పాత పడవ కొనేముందు సర్వేయరు అని ఒకాయన వస్తాడట. అడుగు నుంచి మోటారు దాకా చూసి, ఏమేం పాడైందో కాగితం మీద రాసిస్తాడట. తప్పులు వెతకడానికే డబ్బు పుచ్చుకునే మనిషి. నా ప్రాణం లేచొచ్చింది. ఇరవై ఆరేళ్ళ పడవలో ఆయనకు తప్పులు దొరక్కుండా ఉంటాయా? ఆయన వద్దంటాడు, మా ఆయన మానేస్తారు, నేను అయ్యో పాపం అంటాను. పడవకు జాతకం చూపించినట్టే.

మా ఆయన ససేమిరా అన్నారు.

"ఆరు వేల పడవకి ఏడు వందల సర్వేనా? పావలా కోడికి ముప్పావలా మసాలా అంటే ఇదే. ముప్పై ఏళ్ళు ప్లాంట్‌లో ట్యాంకులు, పైపులు ఇన్‌స్పెక్ట్ చేసినవాణ్ణి. ఈ మాత్రం నేను చూసుకోలేనా?"

"మీరు చూసింది ఇనుము. ఇది ఫైబర్‌గ్లాస్."

అప్పుడు అసలు సంగతి బయటపెట్టారు. "ఆయన చేత్తో వడ్డించిన గోంగూర పప్పు తిని, మీ పడవ మీద మాకు నమ్మకం లేదండీ అని ఏ మొహం పెట్టుకుని అడగమంటావు?"

అదీ సంగతి. ప్లాంట్‌లో ఎంత పెద్ద మేనేజరుకైనా ఈ వాల్వు మార్చందే సంతకం పెట్టనని చెప్పిన మనిషి, తెలుగువాళ్ళింట్లో నాలుగు ముద్దలు తినేసరికి మొహమాటంతో చచ్చిపోతున్నారు. నేనే అడుగుతానన్నాను. డబ్బు కూడా నా జీతంలోంచి ఇస్తానన్నాను. కాలేజీ ఆఫీసులో నా ఉద్యోగం ఇంకా ఉంది కదా. ఆయన నన్ను వింతగా చూశారు. పడవంటే మొహం చిట్లించే ఇల్లాలు దాని కోసం సొంత డబ్బు తీస్తోందేమిటని అనుమానం వచ్చి ఉండాల్సింది. రాలేదు. పైగా సంతోషపడ్డారు. ఆ సంతోషం చూసి నాకు కొంచెం సిగ్గేసింది గానీ, ఫోన్ తీశాను.

డాక్టరుగారు విని పకపకా నవ్వారు. "నలభై ఏళ్ళు కనిపించినవాళ్ళందరికీ టెస్టులు రాశానమ్మా. నా పడవకి ఒక్క టెస్టు రాస్తే తప్పేముంది? రమ్మను."

మే నెలలో ఒక శనివారం పొద్దున్న సర్వేయరు వచ్చాడు. డెబ్బై దగ్గర పడ్డ తెల్లాయన, పొడుగు మనిషి, మోకాళ్ళకు మెత్తలు కట్టుకున్నాడు. చేతిలో ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి. పడవ పక్కన కూర్చుని జానెడు జానెడు దూరంలో టకటకా కొడుతూ, చెవి ఒగ్గి వింటూ జరిగాడు. సంతలో కుండను వేలితో కొట్టి చూసినట్టే. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల నీరు పట్టి కుళ్ళితే బొదబొదమంటుందట. మా ఆయన అతని వెనకాలే వంగి, అడిగిందే అడుగుతూ తిరిగారు. అరగంటలో ఇద్దరూ ఏళ్ళ నాటి స్నేహితుల్లా మోకాళ్ళ మీద పాకుతున్నారు. నేను దూరంగా కుర్చీలో కూర్చుని ప్రతి దెబ్బా విన్నాను. ఖంగు, ఖంగు, ఖంగు. పడవ లోపల నేల దగ్గర ఒక్కచోట బొద్దుమంది. నా మనసు గంతేసింది. ఆయన అక్కడ సుద్దతో గీత గీసి ముందుకు జరిగాడు, మళ్ళీ ఖంగు మొదలైంది.

వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, డబ్బు కట్టింది మీరు కాబట్టి రిపోర్టు మీకే పంపుతాను, ప్రత్యేకంగా ఏమైనా తెలుసుకోవాలా అని అడిగాడు. "ఇది మునుగుతుందా?" అన్నాను. ఆయన నవ్వలేదు. మునగని పడవ లేదమ్మా, కాకపోతే దీన్ని ముంచాలంటే ఎవరో కొంచెం కష్టపడాలి అన్నాడు ఇంగ్లీషులో.

మంగళవారం ఆఫీసులో లంచ్ డబ్బా తెరుస్తుంటే రిపోర్టు వచ్చింది. ఫోటోలతో పద్నాలుగు పేజీలు. పెరుగన్నం తింటూ మొత్తం చదివాను. వయసుకు మించి బాగుందట. అడుగంతా గట్టిగా ఉందట. మోటారును శ్రద్ధగా చూసుకున్నారట. అడిగిన ధర తక్కువేనట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని, పైగా మందు ఖర్చు నాదే. లోపాలు మూడే మూడు. నేల మీద అరచేయంత మెత్తబడ్డ చోటు, లోపలి నీళ్ళు తోడే పంపు పనిచేయకపోవడం, పెట్రోలు వచ్చే రబ్బరు గొట్టానికి పగుళ్ళు. అది మార్చకుండా మోటారు వేయవద్దని ఎర్రక్షరాల్లో రాసి, పక్కనే మామూలు అక్షరాల్లో, చవకైన వస్తువే, ఒక మధ్యాహ్నం పని అని రాశాడు.

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఎవరికైనా ఒకటి తెలుస్తుంది, ఎదుటి మనిషి ఏ మాటకు ఆగిపోతాడో. మా ఆయన జీవితమంతా లీకుల వెనక తిరిగారు. పెట్రోలు కారుతుందంటే ఆయన దగ్గర ఇక వాదన ఉండదు.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే, "రిపోర్టు వచ్చింది. పెట్రోలు గొట్టం పగిలిందట. మోటారు వేయొద్దని రాశాడు," అన్నాను. అంతే అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆయన మొహంలో నవ్వు పోయింది. "అట్లాగా," అన్నారు. "పోన్లే. సర్వే చేయించి మంచి పని చేశావు. డాక్టరుగారికి రేపు నేనే చెప్తా."

రిపోర్టు చూపించమని అడగలేదు. మందుల షాపు రసీదును కూడా తిరగేసి చూసే మనిషి, నేను చెప్పానంటే చాలనుకున్నారు. లేచి డైనింగ్ టేబుల్ దగ్గరికి వెళ్ళారు. రెండు వారాలుగా వీడియోలు చూసి ఆయన మా కుర్చీలకు పడవ ముళ్ళు వేయడం ప్రాక్టీసు చేస్తున్నారు. కుర్చీకొక తాడు, తాడుకొక రకం ముడి. ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టారు. విసుగు లేదు, సణుగుడు లేదు. విప్పిన తాడును జాగ్రత్తగా చుట్టి పక్కన పెట్టి, ఇంకో కుర్చీ దగ్గర కూర్చుంటున్నారు. మూడో కుర్చీ దాకా చూశాను. నాలుగోది చూడటం నావల్ల కాలేదు. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, అలవాటు ప్రకారం అది ఆయన మీదికే పోయింది.

"అంత తేలిగ్గా వదిలేస్తారేం? పేజీ తిప్పి చూడాలని తెలీదా? ముప్పై ఏళ్ళు ఏం ఇన్‌స్పెక్షన్ చేశారు మీరు?" అని రిపోర్టు ఉన్న ఫోన్ ఆయన చేతిలో కుక్కాను.

ఆయన కళ్ళజోడు తెచ్చుకుని పద్నాలుగు పేజీలూ నిలబడే చదివారు. నేను సింకు దగ్గర కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

"ఇందులో కొనొద్దని ఎక్కడుంది?"

"ఎక్కడా లేదు."

"మరి?"

"నాకు భయం," అన్నాను. కుళాయి ఆపాను. "మీరు ఒక్కరే దాంట్లో వెళ్ళి తిరిగి రాకపోతే నేనేం చెయ్యాలి? వాడు వద్దంటే మీరు మానేస్తారని చేయించాను సర్వే. వాడేమో బాగుందన్నాడు. అందుకని ఆ ఒక్క ముక్కే చెప్పాను. తప్పే. కానీ నాకు భయమే, ఏం చెయ్యమంటారు?" ఏడుపొచ్చేసింది.

కోప్పడతారనుకున్నాను. "ఆ ఒక్క మాట చెప్పడానికి ఏడు వందల డాలర్లా?" అన్నారు. "గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చావు కదే." ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను, ఆయనా నవ్వారు. తర్వాత కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "సరే, ఇప్పుడు చెప్పు. నువ్వు వద్దంటే కొనను. డాక్టరుగారికి మా ఆవిడ వద్దందనే చెప్తా, గొట్టం సంగతి ఎత్తను. కానీ నువ్వే అనాలి."

నోరు తెరిచాను. అడక్కుండా ఎన్నో వద్దులు అనుకున్నదాన్ని, ఎదురుగా కూర్చుని అడిగితే రాలేదు. నిజంగా అది నా మనసులో ఉందా అని వెతుక్కున్నాను. పడవ వద్దని లేదు అక్కడ. ఆయన ఒక్కరే వెళ్ళడం వద్దని ఉంది.

"నన్ను తీసుకెళ్ళకుండా ఎప్పుడూ వెళ్ళకండి. నేను వద్దన్న రోజు కదలకండి," అన్నాను.

"ఒప్పుకున్నా," అన్నారు.

పడవ కొన్నాం. డాక్టరుగారు రిపోర్టు చదివి, ఇరవై ఆరేళ్ళ పేషంటుకి ఇంతేనా జబ్బులు అని మురిసిపోయి, గొట్టం తనే కొనిచ్చారు. మా ఆయన అదీ, ఆ పంపూ ఒక మధ్యాహ్నంలో మార్చేశారు. చవక పడవకు సర్వే అవసరమా అని మావాళ్ళెవరైనా అడిగితే చేయించుకోమనే అంటాను. నా డబ్బు దండగ కాలేదు. ఆ అరచేయంత మెత్తటి చోటు మీద ఇప్పటికీ నేను కాలు పెట్టను, కానీ మిగతా నేల అంతా గట్టిదని నాకు తెలుసు. వారానికి రెండు రోజులు పూల్‌కి కూడా వెళ్తున్నాను. మెడ దాకా నీళ్ళలో నిలబడటం వచ్చింది, అంతవరకే.

మొన్న శనివారం పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని వెళ్ళాం. లైఫ్ జాకెట్లు వేసుకుని కూర్చున్నాం. మోటారు వేశారు. బయట సరస్సు మీద గాలి, అలల తలలు తెల్లబడుతున్నాయి. మిగతా పడవలు వెళ్తూనే ఉన్నాయి. ఆయన తాడు విప్పబోతూ ఆగి, "వెళ్దామా?" అన్నారు.

పక్క పడవలో వాళ్ళు చూస్తున్నారు. ఎండగా ఉందనో, తలనొప్పిగా ఉందనో అనబోయాను.

"వద్దండీ," అన్నాను. "నాకు భయంగా ఉంది."

ఆయన తాళం తిప్పి మోటారు ఆపేశారు. కట్టేసిన పడవలోనే కూర్చుని డబ్బా తెరిచాం. అలిగారేమోనని ఓరగా చూశాను. రెండోసారి వడ్డించుకుంటున్నారు.